సంఘం రెండు గ్రూపులై, రెండూ విడివిడిగా ఉపవాస ప్రార్థన చేస్తుంటే ఏం చెయ్యాలి?

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న నిదానంగా చదివాను. మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీ ఊళ్ళో సంఘం ఏడాదిగా రెండు గ్రూపులైంది. మందిరం స్లాబు లెక్కల దగ్గర మొదలై ఇప్పుడు పెద్దల ఎన్నిక దాకా వచ్చింది. పాస్టరు గారి వైపు వాళ్ళు శుక్రవారం మందిరంలో ఉపవాస ప్రార్థన పెడుతున్నారు, అవతలి వైపు వాళ్ళు శనివారం ఒకరి ఇంట్లో ఆల్ నైట్ ప్రేయర్ పెడుతున్నారు. రెండు చోట్లా "సంఘంలో సాతాను క్రియలు లయం కావాలి" అనే ప్రార్థన. మీ ఆయన ఒక వైపు, మీ ఆడపడుచు వాళ్ళు రెండో వైపు. ఇంత ప్రార్థన జరుగుతున్నా ఎందుకు ఏమీ మారట్లేదు, సాతాన్ని ఎలా ఎదిరించాలి, వేరే సంఘానికి వెళ్ళిపోదామా అని అడిగారు.

సూటిగా చెప్తాను. సాతాను పోరాటం నిజమే, నేను దాన్ని తేలిగ్గా తీసుకునేవాణ్ణి కాను. కానీ మీ శుక్రవారం వాళ్ళు ఆ పోరాటం శనివారం వాళ్ళ ఇంట్లో ఉందనుకుంటున్నారు, శనివారం వాళ్ళు మందిరంలో ఉందనుకుంటున్నారు. ఎఫెసీ 6:12 మనం పోరాడేది మనుషులతో కాదని స్పష్టంగా చెప్తుంటే రెండు వైపులా మనుషుల్నే గురిపెట్టి ప్రార్థిస్తున్నారు. అందుకే కదలట్లేదు. ముందు ఒకరి మీద ఒకరు చేసే ప్రార్థన ఆపాలి, తర్వాత లెక్కలు బయట పెట్టాలి, ఆ తర్వాత కలిసి మోకరించాలి. ఈ వరుస మార్చొద్దు. లెక్కలు తేల్చకుండా కలిసి ప్రార్థన పెడితే రెండు వారాలు బావుంటుంది, మూడో వారం మళ్ళీ అదే గొడవ.

నేను పాస్టర్ని కాదు. ఒంగోలు దగ్గర ఒక బాప్టిస్టు సంఘంలో చాలా కాలం పెద్దగా, ట్రెజరర్‌గా ఉన్నాను. టీచర్‌గా రిటైర్ అయ్యాక చుట్టుపక్కల సంఘాల్లో ఇలాంటి తగాదాలు వచ్చినప్పుడు పిలిస్తే వెళ్ళి కూర్చుంటాను. లూథరన్ సంఘాలు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు, స్వతంత్ర సంఘాలు, అన్నిచోట్లా చూశాను. డినామినేషన్ ఏదైనా గొడవ మొదలయ్యే చోటు మాత్రం డబ్బు, పదవి, పెళ్ళి సంబంధం, కులం, ఈ నాలుగింట్లో ఒకటి. సిద్ధాంతం దగ్గర మొదలైన గొడవలు చాలా తక్కువ చూశాను. తర్వాత తర్వాత సిద్ధాంతం రంగు పూస్తారు, అది వేరే సంగతి.

ఇప్పుడు కారణం చెప్తాను. అపొస్తలుల కార్యములు 4, 5, 6 అధ్యాయాలు ఒకే విడతలో చదవండి అమ్మా, మనం మామూలుగా ముక్కలు ముక్కలుగా ప్రసంగాల్లో వింటాం కాబట్టి ఆ మూడింటికీ ఉన్న సంబంధం కనపడదు. 4లో ఎదిరింపు బయటి నుంచి వచ్చింది. పేతురు యోహానుల్ని యూదుల మహాసభ వాళ్ళు బెదిరించి వదిలేశారు. వాళ్ళు వచ్చి తమవాళ్ళతో చెప్తే అందరూ ఏకమనస్సుతో ప్రార్థించారు. ఆ ప్రార్థనలో ఏం అడిగారో చూడండి. బెదిరించినవాళ్ళు నాశనం కావాలని అడగలేదు, ఆ బెదిరింపులు ఆగిపోవాలని కూడా అడగలేదు. వాళ్ళ బెదిరింపులు చూడు ప్రభువా అని ఆయన చేతుల్లో పెట్టేసి, మాకు మాత్రం ధైర్యంగా వాక్యం చెప్పే కృప ఇవ్వు అన్నారు (4:29). అప్పుడు వాళ్ళు కూడిన చోటు కంపించింది.

5లో సమస్య లోపలికి వచ్చింది. అననీయ, సప్పీరా పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని మొత్తం ఇచ్చినట్టు నటించారు. పేతురు సాతాను పేరు ఎత్తింది ఇక్కడే, డబ్బు దాచిన దగ్గర (5:3). బయట మహాసభ అంత బెదిరించినప్పుడు ఆ పేరు ఎత్తలేదు. 6లో ఇంకో రకం సమస్య. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. ఇక్కడ అపొస్తలులు "ఇది సాతాను పని, మీలో సణిగే ఆత్మ ఉంది" అని ఎవర్నీ గద్దించలేదు. ఫిర్యాదు నిజమని ఒప్పుకుని ఏడుగుర్ని ఏర్పాటు చేశారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకోరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించినట్టు కనపడుతుంది. ఆ తర్వాతి మాట 6:7, దేవుని వాక్యం వ్యాపించింది, శిష్యుల సంఖ్య బాగా పెరిగింది, యాజకుల్లో కూడా చాలామంది లోబడ్డారు.

అంటే మూడు సమస్యలు, మూడు రకాల పరిష్కారం. బయటి బెదిరింపుకి కలిసి ప్రార్థన. దాచిన డబ్బుకి ముఖాముఖి అడగడం. అన్యాయం జరిగిందన్న సణుగుడికి ఏర్పాటు మార్చడం. మన సంఘాల్లో ఏం చేస్తున్నామంటే 5, 6 అధ్యాయాల జబ్బుకి 4వ అధ్యాయం మందు వేస్తున్నాం. లెక్క అడిగితే ఉపవాసం పెడతాం. స్లాబుకి ఎంత ఖర్చయిందో చెప్పడానికి నలభై రోజుల ప్రార్థన అక్కర్లేదు, పాస్‌బుక్కూ బిల్లులూ ఒక పెద్ద కాగితమూ చాలు.

మీలాంటి గొడవే ఒక సంఘంలో జరిగింది, ఊరి పేరు వద్దు. అక్కడ కూడా మందిరం కట్టుబడే. ట్రెజరర్ మంచివాడే కానీ సిమెంటు, ఇనుము బిల్లులు తప్ప ఇసుక ట్రాక్టర్లకి, సెంట్రింగ్ వాళ్ళకి, మేస్త్రికి చేతిలో ఇచ్చిన డబ్బుకి కాగితం లేదు. అవతలి వాళ్ళకి అనుమానం. ట్రెజరర్‌కి రోషం, "నన్ను దొంగ అంటారా" అని లెక్క చెప్పడమే మానేశాడు. పాస్టరు గారేమో "అభిషిక్తుల మీద వేలెత్తొద్దు" అని ప్రసంగం చేశారు, దాంతో డబ్బు తగాదా కాస్తా పాస్టరు తగాదా అయింది. మేం వెళ్ళి చేసింది పెద్దగా ఏమీ లేదు. మందిరంలో చాప వేసుకుని రెండు వైపుల నుంచి ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, మేస్త్రిని పిలిపించి, ఒక్కో పద్దూ చదివించి రాయించాం. సాయంత్రం దాకా పట్టింది. చివరికి కొంత మొత్తం తేలలేదు. ఎవరైనా తిన్నారని తేలలేదు, తినలేదనీ తేలలేదు. సంఘం అంతా కూర్చుని, దీన్ని తేలని లెక్కగా మినిట్స్ పుస్తకంలో రాసి ఇక్కడితో మూసేద్దాం, ఇక మీదట ఏ డబ్బైనా ఇద్దరి సంతకాలతోనే తియ్యాలి, అందులో ఒక సంతకం అడిగిన వైపు వాళ్ళది అని తీర్మానం చేసుకున్నారు. ఆ తర్వాత ఆదివారం జరిగిన ప్రార్థనలో నేను కూడా ఉన్నాను. ఎవరూ గట్టిగా అరవలేదు. ట్రెజరర్ భార్య ఏడ్చింది. అవతలి వైపు పెద్దాయన లేచి ట్రెజరర్ కొడుకు ఉద్యోగం గురించి ప్రార్థన చేశాడు. అందరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారని చెప్పను, ఒక కుటుంబం ఇప్పటికీ వెనక బెంచీలో కూర్చుని ఆరాధన అవగానే వెళ్ళిపోతుంది. అయినా ఆ సంఘంలో ఆ రోజు నుంచి విడివిడి కూటాలు లేవు.

ఇక మైకు ప్రార్థన గురించి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ సంఘాల్ని చీల్చడంలో దీని పాత్ర చాలా ఉంది. ఒకరు మైకు తీసుకుని "ప్రభువా, మా మధ్య కొందరు మోషే మీద లేచిన కోరహులాగా తిరుగుబాటు చేస్తున్నారు, వాళ్ళ హృదయాలు మార్చు" అంటారు. కళ్ళు మూసుకున్నవాళ్ళందరికీ ఎవర్ని అంటున్నారో తెలుసు. తర్వాత అవతలివాళ్ళు మైకు తీసుకుని "ప్రభువా, కాపరులే మందను మేస్తున్నారు" అంటారు. దేవుడికి చెప్తున్నట్టు ఉంటుంది, మాట మాత్రం మనిషికి తగులుతుంది. ప్రార్థనలో అన్నమాటకి ఎవరూ బదులు చెప్పలేరు కాబట్టి ఆ దెబ్బ ఇంకా లోతుగా దిగుతుంది. అందుకే నేను వెళ్ళిన చోట కలిసి ప్రార్థన పెట్టినప్పుడు కొన్ని షరతులు పెడతాను. మైకు ఉండదు, ప్రసంగం ఉండదు, ఎవరూ తమ వైపు సమస్య గురించి ప్రార్థించకూడదు. ప్రతి ఒక్కరూ అవతలి వైపు వాళ్ళ అవసరం ఏదో ఒకటి పేరు పెట్టి ప్రార్థించాలి. వాళ్ళ అమ్మ మోకాళ్ళ నొప్పులు, వాళ్ళ పిల్ల పరీక్షలు, వాళ్ళ మిరప చేను. మొదట నోరు పెగలదు. అవతలి వాళ్ళ ఇంట్లో ఏం కష్టం ఉందో తెలియదని అప్పుడు అర్థమవుతుంది, ఏడాదిగా మాట్లాడలేదు కదా. కష్టం ఏంటో తెలుసుకోవాలంటే వెళ్ళి అడగాలి. అసలు నాకు కావలసింది అదే, వాళ్ళు వెళ్ళి అడగడం.

మత్తయి 5:23-24 కూడా ఇదే వరుస చెప్తుంది. కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అని. ఎఫెసీ పత్రికలో కూడా ఆత్మీయ పోరాటం గురించి పౌలు రాసింది 6వ అధ్యాయంలో, దానికి ముందు 4లో ఐక్యత గురించి, కోపం గురించి, అపవాదికి చోటు ఇవ్వొద్దని రాశాడు, 5లో భార్యాభర్తల గురించి రాశాడు. మనం 6:10 దగ్గర పుస్తకం తెరిచి సర్వాంగ కవచం తొడుక్కుంటున్నాం. 2 కొరింథీ 2:10-11లో అయితే క్షమించకపోతే సాతాను మనల్ని మోసపుచ్చుతాడని నేరుగానే ఉంది. కాబట్టి మీరు అడిగిన "సాతాన్ని ఎలా ఎదిరించాలి" అన్నదానికి, సంఘం లోపలి గొడవ వరకు నా జవాబు, క్షమాపణ అడగడం, క్షమించడం, లెక్క చెప్పడం. ఇవి ప్రార్థనకి బదులు కాదు. ఇవి లేని ప్రార్థన నిలబడదు.

మీ ప్రశ్నలో ఇంకో మాట ఉంది, మందిరం గేటు దగ్గర నిమ్మకాయలు, కుంకుమ కనపడ్డాయని, అప్పట్నుంచి కొందరు ఆడవాళ్ళు రాత్రి ప్రార్థనకి రావడానికి భయపడుతున్నారని. ఇది నేను రెండు మూడు చోట్ల చూశాను. వెంటనే ఒక గ్రూపు ఇంకో గ్రూపుని అనుమానిస్తుంది, లేదంటే ఊళ్ళో ఎవరో ఒక ముసలమ్మ పేరు చెప్తారు. దయచేసి ఎవరి పేరూ అనకండి, అననివ్వకండి. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పగటిపూట చీపురుతో ఊడ్చి పారెయ్యండి, 1 యోహాను 4:4 చదువుకుని ప్రార్థన చేసుకోండి, గేటు దగ్గర ఒక లైటు పెట్టించండి. భయపడేవాళ్ళని "విశ్వాసం లేదు" అనకండి, నాలుగు రోజులు ఎవరైనా తోడు వెళ్ళి తీసుకురండి.

బయటి నుంచి ఎదిరింపు వచ్చినప్పుడు వేరే విధంగా చూడాలి. నెహెమ్యా 4లో సన్బల్లటు, టోబీయా యెరూషలేము గోడ కట్టనివ్వకుండా చేస్తుంటే కట్టే యూదులు ప్రార్థన చేశారు, కాపలా కూడా పెట్టారు, రెండూ 4:9లో ఒకే వచనంలో ఉన్నాయి. మందిరం మీద అభ్యంతరం వస్తే ప్రార్థనతో పాటు స్థలం కాగితాలు, పంచాయతీ అనుమతి చూసుకోండి, సౌండు తగ్గించండి, ఊరి పెద్దల దగ్గరికి మర్యాదగా వెళ్ళి మాట్లాడండి, దాడి జరిగితే పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అదే నెహెమ్యా పుస్తకంలో 5వ అధ్యాయం చాలామంది దాటేస్తారు. గోడ సగంలో ఉండగా లోపల పేదవాళ్ళు మొర పెట్టారు, సొంత సహోదరులే పొలాలు తాకట్టు పెట్టించుకుని వడ్డీ గుంజుతున్నారని. నెహెమ్యా వాళ్ళని "ముందు గోడ కడదాం, శత్రువులు చూస్తున్నారు, ఇప్పుడు ఇవి ఎత్తొద్దు" అనలేదు. సమాజం పెట్టి ప్రధానుల్ని నిలదీసి పొలాలు తిరిగి ఇప్పించాడు. 6:15 ప్రకారం గోడ 52 రోజుల్లో పూర్తయింది.

మా ఒంగోలు వాళ్ళకి ప్రార్థన కొండ సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు. 1853లో అమెరికాలో బాప్టిస్టు మిషన్ వాళ్ళు తెలుగు మిషన్‌ని మూసేద్దామా అని చర్చించారు, అన్నేళ్ళ పనికి ఫలితం అంత తక్కువ. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్ మిషనరీలు జూవెట్ దంపతులు, ఇంకొంతమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో, అంటే 12 ఏళ్ళ తర్వాత. ఇది అందరూ సాక్ష్యంగా చెప్తారు, చెప్పాలి కూడా. కానీ ఆ తర్వాత వచ్చిన పరీక్ష గురించి తక్కువ చెప్తారు. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు సంఘంలోకి రావడం మొదలవగానే, అప్పటిదాకా ఆసక్తి చూపించిన పై కులాల వాళ్ళు వీళ్ళని చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ బైబిల్ తెరిస్తే 1 కొరింథీ 1:26 దగ్గర తెరుచుకుందని, అదే సమయంలో పక్క గదిలో ఆయన భార్యకి కూడా అదే భాగం వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. వచ్చినవాళ్ళని చేర్చుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీద ప్రార్థన ఎంత ముఖ్యమో, ఆ రోజు గుమ్మం దగ్గర తీసుకున్న నిర్ణయం అంత ముఖ్యం. మీ సంఘంలో రెండు గ్రూపులు రెండు పేటల లెక్కన చీలాయేమో కూడా చూసుకోండి, మీరు రాయలేదు గానీ చాలాచోట్ల కింద ఉండేది అదే. అదే అయితే ప్రభు బల్ల దగ్గర కలిసి కూర్చోకుండా ఎన్ని ఉపవాసాలు చేసినా చాలవు.

తొందరపడొద్దని చెప్పడానికి ఇంకో సంగతి. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, ఇంకా దక్షిణ భారత సంఘ నాయకులు 1919లో తరంగంబాడిలో కూర్చుని సంఘాలు ఒక్కటవ్వాలని పిలుపిచ్చారు. సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. మధ్యలో 28 ఏళ్ళు ఉత్తరాలు, కమిటీలు, అలకలు, ప్రార్థనలు. అజరయ్య గారు 1945 జనవరి 1న చనిపోయారు, చూడకుండానే. మీ సంఘానికి అన్నేళ్ళు పట్టదు, కానీ రెండు వారాల్లో అవుతుందనుకుని నిరుత్సాహపడకండి.

ఐక్యత పేరుతో నోరు మూయించకూడని సంగతులు కూడా ఉన్నాయి. ఆడపిల్లల జోలికి, చిన్నపిల్లల జోలికి ఎవరైనా వెళ్తే, వాడు పెద్దైనా పాస్టరైనా, అది సంఘంలో సర్దుబాటు చేసుకునే విషయం కాదు, పోలీసు స్టేషన్‌కి వెళ్ళాల్సిన విషయం. సంఘం ఆస్తి అమ్మేసుకుంటున్నా అంతే. "సంఘం పరువు పోతుంది, ప్రార్థన చేద్దాం" అన్నవాళ్ళ మాట వినొద్దు. అలాగే షుగరు, బీపీ మందులు వాడేవాళ్ళు, గర్భిణీలు డాక్టర్ని అడక్కుండా ఉపవాసం ఉండకూడదు. ఎవరైనా నిద్రపట్టక, ఏవేవో మాటలు వినపడుతున్నాయని అంటే ప్రార్థన చెయ్యండి, ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళండి, దయ్యం అని ముద్ర వెయ్యకండి.

ఇక మీరు చెయ్యగలిగింది. మీరు అటూ ఇటూ సంబంధం ఉన్న మనిషి, దాన్ని బాధగా రాశారు, నాకు మాత్రం ఆశ అక్కడే కనపడుతోంది. ఫిలిప్పీ 4:2-3లో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు ఆడవాళ్ళు విడిపోతే పౌలు ఎవరిది తప్పో తేల్చలేదు, ఏకమనస్సుతో ఉండమని ఇద్దర్నీ బతిమాలాడు, దగ్గరున్న ఒకర్ని వాళ్ళకి సాయపడమన్నాడు. మీరు ముందు మీ ఆడపడుచు ఇంటికి వెళ్ళండి. స్లాబు సంగతి ఎత్తకండి. "వదినా, ఏం ప్రార్థన చెయ్యమంటావు" అని అడిగి, అక్కడే కూర్చుని ఆమెతో కలిసి చేసి రండి. వాట్సాప్‌లో ప్రార్థన అంశాలు పెట్టకండి, ఆ గ్రూపుల్లో ప్రార్థన అంశం పేరుతో ఊరందరి సంగతులూ తిరుగుతాయి. మీ ఆయనతో కూడా దీని మీద వాదన పెట్టుకోకండి, 1 పేతురు 3:7 ప్రకారం ఇంట్లో గొడవ కూడా ప్రార్థనకి అడ్డమే, ఆ మాట అక్కడ భర్తలకి చెప్పింది, ఆయనకి నెమ్మదిగా చదివి వినిపించొచ్చు. మీ ఇద్దరి ప్రార్థన నాలుగైదు వారాలు నిలబడితే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. నేను చూసినంతలో సంఘాల్లో మొదట కలిసేది ఆడవాళ్ళే, మగవాళ్ళు చివర్లో వచ్చి తీర్మానం రాస్తారు.

వేరే సంఘానికి వెళ్ళడం గురించి, ఎప్పుడూ వెళ్ళొద్దని నేను చెప్పను. ఇందాక చెప్పిన ఘోరాల్ని కప్పిపుచ్చుతుంటే వెళ్ళండి. తప్పుడు బోధ అయితే వెళ్ళండి. గొడవతో విసిగిపోయి మాత్రం ఇప్పుడే వెళ్ళొద్దు, అటూ ఇటూ మాట్లాడగలిగే మనుషులు వెళ్ళిపోతే మిగిలేది రెండు కొసలే.

మీ సంఘం తెలుగు బాప్టిస్టా, లూథరనా, సి.ఎస్.ఐ.నా, స్వతంత్ర సంఘమా అనేది రాయలేదు. దాన్నిబట్టి పెద్దల ఎన్నిక ఎవరు జరిపించాలి, లెక్కలు ఎవరు ఆడిట్ చెయ్యాలి అనేది మారుతుంది. అది చెప్తే ఆ సంగతి విడిగా రాస్తాను. ఈలోగా లెక్కలు సంఘంలో చదివేదాకా ఎన్నిక వాయిదా వెయ్యమని రెండు వైపుల పెద్దల్నీ అడిగించండి, మీ ఆయన ద్వారా ఒక వైపు, మీ ఆడపడుచు భర్త ద్వారా ఇంకో వైపు.